గది గాలి, గల్లీ గాలి

నీటి విషయంలో మన ఇళ్ళకున్న పట్టింపు గాలి విషయంలో లేదు. వుజూకు పట్టుకున్న నీటి రంగు గానీ వాసన గానీ మారితే వెంటనే గుర్తించి వేరే నీరు తెచ్చుకుంటాం. తాగే నీటికి ఫిల్టరు లేని ఇల్లు పట్టణాల్లో నేడు అరుదు. మనిషి రోజుకు తాగే నీరు రెండు మూడు లీటర్లైతే, పీల్చే గాలి సుమారు పది వేల లీటర్లు. ఆ గాలి ఎలాంటిదో, దాన్ని ఇంట్లో శుభ్రం చేసుకోవడం ఎంతవరకు సాధ్యమో తెలుసుకోవలసిన అవసరం మా కుటుంబానికి మా అత్తగారి అనారోగ్యం వల్ల కలిగింది.

ఆమెను మేమంతా అమ్మీ అని పిలుస్తాం. నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో ముప్పై ఏళ్ళకు పైగా కట్టెల పొయ్యి ముందు కూర్చుని వంట చేసిన మనిషి. బీడీ, సిగరెట్టు ఎన్నడూ ముట్టలేదు. అందుకే ఆమెకున్నది సీఓపీడీ అని ఊపిరితిత్తుల వైద్యుడు చెప్పినప్పుడు మావారు నమ్మలేకపోయారు. అది పొగతాగే మగవారికి వచ్చే జబ్బు కదా అని అడిగారు. కట్టెల పొగ కూడా పొగేనని, మన దేశంలో పొగతాగని స్త్రీలకు ఈ జబ్బు రావడానికి వంటింటి పొగ ఒక ముఖ్య కారణమని ఆయన ఓపికగా వివరించారు.

గత రెండు శీతాకాలాల్లోనూ అమ్మీని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. రెండోసారి ఇంటికి పంపుతూ డాక్టరు గారు మూడు సంగతులు చెప్పారు. ఇన్‌హేలర్ ఒక్కపూట కూడా మానరాదు. ఏటా ఫ్లూ టీకా వేయించాలి. ఆమె పడుకునే గదిలోకి పొగ, దుమ్ము రానివ్వకూడదు. గాలిని శుద్ధి చేసే యంత్రం కొనమంటారా అని నేను అడిగాను. "కొనగలిగితే మంచిదే. కానీ అది మందుకు బదులు కాదమ్మా. లెక్క చూసుకుని కొనండి" అన్నారు. నేను బడిలో భౌతికశాస్త్రం బోధిస్తాను. కనుక ఆ లెక్క చూసే బాధ్యత ఇంట్లో అందరూ నాకే అప్పగించారు.

మొదట చూడవలసినది ఊరి గాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్‌లో దేశంలోని పరిశీలన కేంద్రాల అంకెలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. హైదరాబాదులో సనత్‌నగర్, జూ పార్కు, కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ కేంద్రాలున్నాయి. మేముండేది బహదూర్‌పురా వైపు కాబట్టి జూ పార్కు కేంద్రం మాకు దగ్గర. వాయు నాణ్యతా సూచిక 50 లోపు ఉంటే గాలి బాగున్నట్టు, 100 వరకు సంతృప్తికరం, 101 నుండి 200 వరకు మధ్యస్థం. 'మధ్యస్థం' అన్న మాట విని ఆరోగ్యవంతులు నిశ్చింతగా ఉండవచ్చునేమో గానీ, ఉబ్బసం, ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారికి ఇబ్బంది మొదలయ్యేది ఆ మెట్టు నుండే.

ఈ సూచికలో మనకు ముఖ్యమైనది పీఎం 2.5. అంటే రెండున్నర మైక్రాన్ల కన్నా చిన్న ధూళి కణాలు. మన తలవెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. అంత చిన్నవి కాబట్టే ఇవి ముక్కులోనో గొంతులోనో ఆగిపోకుండా ఊపిరితిత్తుల అడుగు వరకు చేరుతాయి. ఒక ఘనపు మీటరు గాలిలో ఇవి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములకు మించరాదని మన దేశపు 2009 నాటి ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5 మైక్రోగ్రాములు మాత్రమే. మన ఊరు ఢిల్లీ వంటిది కాదు కదా అని తృప్తి పడేవారు ఈ రెండు అంకెల మధ్య దూరాన్ని ఒకసారి గమనించాలి.

ఋతువును బట్టి కూడా గాలి మారుతుంది. వానాకాలంలో వర్షం ధూళిని కడిగేస్తుంది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నేలకు దగ్గరగా ఉన్న చల్లని గాలి పైకి లేవదు. వాహనాల పొగ, రోడ్డు దుమ్ము, చెత్త కాల్చిన పొగ అందులోనే చిక్కుకుంటాయి. రాత్రి నుండి ఉదయం పొద్దెక్కే వరకు ఈ ఉక్కిరిబిక్కిరి ఎక్కువ. ఎండ కాసి నేల వేడెక్కిన తర్వాత గాలి పైకి లేచి పలచబడుతుంది. ఫజ్ర్ నమాజు కాగానే కిటికీలన్నీ బార్లా తెరవడం మా ఇంట్లో ఏనాటి నుండో ఉన్న అలవాటు. చలికాలంలో దాన్ని జుహర్ తర్వాతి వేళకు మార్చాం. జుహర్ నుండి అస్ర్ వరకు కిటికీలు తెరిచి, మగ్రిబ్ కన్నా ముందే మూసివేస్తాం. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

రెండో లెక్క ఇంటి లోపలి పొగది. బయటి గాలిని తిట్టుకునే ముందు మనం స్వయంగా వెలిగించేవాటిని ఒకసారి చూసుకోవాలి. మా బడి ప్రయోగశాలలో ధూళి కణాలను కొలిచే చిన్న పరికరం ఒకటుంది. అనుమతి తీసుకుని దాన్ని వారం రోజులు ఇంటికి తెచ్చాను. వంటింట్లో ఖట్టీ దాల్‌కు బగార్ వేసినప్పుడు అంకె గబగబా పెరిగి, చిమ్నీ వేస్తే నెమ్మదిగా దిగింది. పిల్లల గదిలో దోమల కాయిల్ వెలిగించాక మాత్రం దిగనే లేదు, తెల్లవారే వరకు పైనే ఉంది. కాయిల్ గురించి 2003లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మధూళి 75 నుండి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చే ధూళికి సమానం. ఇంట్లో ఎవరైనా సిగరెట్టు వెలిగిస్తే ఊరుకోని తల్లులమే, పిల్లల మంచం కింద కాయిల్ పెట్టి తలుపులు మూస్తున్నాం. ఆ వారమే మా ఇంటికి దోమతెరలు వచ్చాయి.

అసలు చిక్కు ఊద్ దగ్గర వచ్చింది. ప్రతి గురువారం మగ్రిబ్ తర్వాత అమ్మీ ఊద్‌దాన్‌లో నిప్పులు వేసి, సాంబ్రాణి చల్లి, గది గదికీ తిప్పుతుంది. ఇది ధర్మం విధించిన పని కాదని, ఇంటి అలవాటు మాత్రమేనని ఆమెకూ తెలుసు. కానీ మర్హూమ్ మామగారికి ఆ పరిమళం ఎంతో ఇష్టం. ఆయన పోయి పదకొండేళ్ళయినా ఒక్క గురువారం కూడా ఆమె దాన్ని తప్పించలేదు. నిప్పుల మీద కాలే సాంబ్రాణి పొగ ఆమె ఊపిరికి మంచిది కాదని చెప్పవలసిన వారెవరు? "నీవు చదువుకున్నదానివి, నీవే చెప్పు" అన్నారు మావారు. "మీరు కన్నకొడుకు, మీరే చెప్పండి" అన్నాను నేను. యంత్రం కొనడం కన్నా ఈ ఒక్క మాట చెప్పడం మాకు కష్టమైపోయింది.

చివరికి చెప్పినది మా పదేళ్ళ అమ్మాయి. గురువారం సాయంత్రం ఆ పరికరాన్ని తెచ్చి దాదీ ఒడిలో పెట్టింది. "దాదీ, ఈ అంకె చూస్తూ ఉండు" అంది. ఊద్ వెలిగింది. అంకె వంద దాటింది, ఆపైన ఎరుపు రంగుకు మారింది. అమ్మీ చాలాసేపు దాన్నే చూసింది. "సువాసన మన ప్రవక్త (స) వారికి ప్రియమైనది కదా బేటా" అంది నాతో. "అవును అమ్మీ, సువాసన ప్రియమైనదే. పొగ లేని సువాసన కూడా ఉంది కదా" అన్నాను. ఆమె జవాబు చెప్పలేదు.

మరుసటి గురువారం ఆమె ఊద్‌దాన్‌ను కడిగి, ఆరబెట్టి, తెల్లని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. "దీన్ని బీరువాలో భద్రంగా ఉంచు. పారేయకు. చార్మినార్ వైపు వెళ్ళినప్పుడు మీ మామయ్య పూసుకునే ఖస్ అత్తరు ఒక చిన్న సీసా తెచ్చిపెట్టు" అంది. ఇప్పుడు గురువారం సాయంత్రాలు ఆమె తన దుపట్టా అంచుకు, పిల్లల దుస్తులకు ఆ అత్తరు అద్దుతుంది. గాలి శుద్ధి కోసం మా ఇంట్లో ఎవరైనా నిజంగా విలువైనది వదులుకున్నారంటే అది ఆమె ఒక్కతే.

ఈ రెండు లెక్కలూ అయిన తర్వాతనే యంత్రం మాట వచ్చింది. రియాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా మరిది ఫోను చేసి, "భాబీ, అయాన్లు వదిలే యంత్రం పంపిస్తాను. ఫిల్టరు మార్చే పనే లేదు, గది వాన కురిసినట్టు వాసన వస్తుంది" అన్నాడు. అతని ప్రేమను కాదనలేం గానీ, ఆ వాసనే నన్ను భయపెట్టింది. కొన్ని అయాన్ యంత్రాలు, ఓజోన్ యంత్రాలు గదిలోకి ఓజోనును వదులుతాయి. పైన ఆకాశంలో అతినీలలోహిత కిరణాల నుండి మనల్ని కాపాడే ఓజోను, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే వాటిని మండించే వాయువు. కాలిఫోర్నియా రాష్ట్రంలో గాలి యంత్రాలు పుట్టించే ఓజోను పది లక్షల భాగాల గాలికి 0.05 భాగం మించరాదని చట్టబద్ధమైన నిబంధన ఉంది. ఆయాసం ఉన్న మనిషి గదిలో అలాంటి యంత్రం వద్దని చెప్పాను. మరిది అర్థం చేసుకున్నాడు. ఫిల్టరు యంత్రాల్లోనూ కొన్నింటికి అయాన్ మీట ఉంటుంది. దాన్ని విడిగా ఆపివేసే వీలుందో లేదో చూసి కొనాలి.

కుండీల్లో మొక్కలు పెంచితే గాలి శుద్ధి అవుతుందని మా పక్కింటి ఆపా సలహా ఇచ్చారు. దీనికి మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగింది. ఇళ్ళలో అదే ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పది నుండి వేయి వరకు మొక్కలు కావలసి వస్తుందని 2019లో ఇద్దరు పరిశోధకులు పాత ప్రయోగాలన్నింటినీ పరిశీలించి తేల్చారు. మొక్కలు కంటికి చల్లన, మనసుకు హాయి. ధూళిని తొలగించే పని మాత్రం వాటికి అప్పగించలేం. ఏసీ సంగతీ అంతే. దానిలోని జాలీ పెద్ద దుమ్మును, నూలు పోగులను ఆపుతుంది, సూక్ష్మధూళిని ఆపదు. ఎయిర్ కూలర్ అసలు ఆ పనికి చేసినదే కాదు.

ధూళిని నిజంగా పట్టేది హెపా ఫిల్టరు. పట్టుకోవడానికి అత్యంత కష్టమైన 0.3 మైక్రాన్ల కణాలను నూటికి 99.97 వంతులు ఆపగలిగితేనే దానికి ఆ పేరు చెల్లుతుంది. ఐరోపా ప్రమాణంలో హెచ్13 అన్న గుర్తు ఇంచుమించు ఇదే స్థాయి. 'హెపా వంటిది', 'హెపా తరహా' అని పెట్టె మీద రాసి ఉంటే ఆ మాటకు ప్రమాణమేదీ లేదు. వంట వాసనలు, రంగుల ఘాటు, వాహనాల వాయువులు హెపాకు చిక్కవు. వాటికి బొగ్గు పొర ఉండాలి. పలుచని నల్లని స్పాంజి వంటి పొర కొద్ది రోజులకే నిండిపోతుంది, గింజల రూపంలో బరువైన బొగ్గు ఉన్నది ఎక్కువ కాలం పనిచేస్తుంది.

ఫిల్టరు ఎంత మంచిదైనా, దాని గుండా గంటకు ఎంత గాలి వెళ్తున్నదన్నదే అసలు ప్రశ్న. దానికి కొలత సీఏడీఆర్. గంటకు ఎన్ని ఘనపు మీటర్ల శుద్ధమైన గాలిని యంత్రం ఇవ్వగలదో అది చెబుతుంది. అమ్మీ గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. అంటే 1200 ఘనపు అడుగులు, సుమారు 34 ఘనపు మీటర్లు. జబ్బుమనిషి గదిలో గాలి గంటకు ఐదుసార్లు శుద్ధి కావాలనుకుంటే 34ను 5తో గుణించాలి. 170 వస్తుంది. ఇది కనీసం. యంత్రపు పూర్తి వేగంలో కొలిచిన అంకెనే పెట్టె మీద వేస్తారు. పూర్తి వేగంలో దాని శబ్దానికి నిద్ర పట్టదు. కాబట్టి మధ్య వేగంలోనూ 170 అందాలంటే పెట్టె మీద 250 నుండి 300 వరకు ఉన్నదాన్ని ఎంచుకోవాలి. మేము వెళ్ళిన దుకాణంలో 'నాలుగు వందల చదరపు అడుగులకు సరిపోతుంది' అన్న ప్రకటనే పెద్ద అక్షరాల్లో ఉంది. గాలి గంటకు ఒకటి రెండుసార్లు మాత్రమే శుద్ధి అవుతుందనుకుంటే ఏ చిన్న యంత్రమైనా పెద్ద హాలుకు సరిపోతుంది. అందుచేత చదరపు అడుగుల అంకెను వదిలి సీఏడీఆర్ అడగాలి. అది చెప్పలేని యంత్రాన్ని కొనకపోవడమే మేలు.

ఆ తర్వాత ధర. మా దగ్గరున్నది చీటీ పాడిన డబ్బు, అది కూడా వానాకాలం లోపు ఇంటి కప్పు బాగు చేయించడానికి దాచినది. ఒక్కొక్క రూపాయీ ఆలోచించి తీయవలసిన స్థితి. యంత్రం ధరకు ఫిల్టరు ధర కలిపి చూడకపోతే దుబారా అవుతుంది. ఉదాహరణకు, పది వేల యంత్రానికి ఏటా మూడు వేల ఫిల్టరు మార్చాలంటే, మొదటి ఏడాది ఫిల్టరు దానితోనే వస్తుంది కాబట్టి, ఐదేళ్ళలో నాలుగు ఫిల్టర్లతో 22 వేలు అవుతుంది. పదమూడు వేల యంత్రానికి ఫిల్టరు పదిహేను వందలైతే ఐదేళ్ళలో 19 వేలే. ఆ ఫిల్టరు మన ఊళ్ళో దొరుకుతుందా లేదా అన్నది కూడా కొనే ముందే విచారించాలి. కరెంటు విషయంలో భయపడనక్కరలేదు. 45 వాట్ల యంత్రం రాత్రి పది గంటలు నడిస్తే నెలకు పదమూడున్నర యూనిట్లు. పాతకాలపు సీలింగు ఫ్యాను అంతకన్నా ఎక్కువే తాగుతుంది.

ఒక్క యంత్రమే కొన్నాం, అదీ అమ్మీ గదికి. ఇల్లంతటికీ ఒకటి హాల్లో పెట్టడం కన్నా, జబ్బుమనిషి ఎనిమిది పది గంటలు గడిపే గదిలో పెట్టడం సరైనది. కప్పు పని కొంత వెనక్కి జరిగింది. యంత్రాన్ని గోడకు ఆనించకుండా, తెరల వెనుక దాచకుండా పెట్టాం. ఇషాకు అరగంట ముందు తలుపు వేసి పూర్తి వేగంలో నడుపుతాం, ఆమె పడుకునేటప్పుడు మధ్య వేగానికి తగ్గిస్తాం. తలుపు తెరిచి ఉంచితే యంత్రం వీధి మొత్తాన్ని శుద్ధి చేయడానికి ప్రయత్నిస్తున్నట్టే. అయితే రోజంతా మూసి ఉంచితే గదిలో తాజా గాలి ఉండదు, యంత్రం ప్రాణవాయువును పుట్టించదు. అందుకే మధ్యాహ్నపు కిటికీ ఎప్పటిలాగే తెరుస్తాం.

అంత డబ్బు పెట్టలేని ఇళ్ళకు మరో మార్గముంది. 2013లో బీజింగులో ఉన్న థామస్ టాల్‌హెల్మ్ అనే అమెరికన్ విద్యార్థి, మామూలు ఫ్యానుకు హెపా ఫిల్టరు బిగించి తక్కువ ఖర్చుతో అదే పని జరుగుతుందని చూపించాడు. 2020లో రిచర్డ్ కోర్సీ, జిమ్ రోసెంతాల్ అనే ఇద్దరి పేరు మీద నాలుగు ఫిల్టర్లతో చేసే పెట్టె ఫ్యాను కూడా ప్రసిద్ధికెక్కింది. మంచి ఫ్యాను వాడి, మోటారు వేడెక్కకుండా కనిపెట్టుకుంటూ ఉంటే ఇది పనికివచ్చే ఏర్పాటే.

ఫలితమేమిటని బంధువులు అడుగుతారు. అమ్మీ జబ్బు నయం కాలేదు, ఆ జబ్బు పూర్తిగా నయమయ్యేది కాదు. ఇన్‌హేలర్ మానలేదు. మెట్లెక్కితే ఆయాసం ఉంది. కానీ ఈ శీతాకాలం ఆమెను ఆసుపత్రిలో చేర్చవలసిన అవసరం రాలేదు, అల్‌హందులిల్లాహ్. మందుల వల్లనా, టీకా వల్లనా, కాయిల్, ఊద్ మానడం వల్లనా, యంత్రం వల్లనా అని విడదీసి చెప్పలేను. తహజ్జుద్ వేళకు ఆమె దగ్గు వినిపించి మేం లేచే రాత్రులు మాత్రం తగ్గాయి.

ఆరు నెలల తర్వాత ఫిల్టరు బయటికి తీశాం. తెల్లగా వచ్చినది బూడిద రంగు దాటి నల్లబడింది. అమ్మీ దాన్ని వెలుతురులో పట్టుకుని చూసింది. "ఇదంతా నా ఛాతీలోకి పోవలసింది కదా. మరి గల్లీలో ఆడే పిల్లలకు ఏ ఫిల్టరు ఉంది?" అని అడిగింది.

మా గల్లీ మూలన రోజూ తెల్లవారుజామున చెత్త కాల్చేవారు. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధించి, మామూలుగా కాల్చినవారికి ఐదు వేలు, భారీగా కాల్చినవారికి ఇరవై ఐదు వేల రూపాయల జరిమానా నిర్ణయించింది. మావారు జుమా తర్వాత మసీదు కమిటీ పెద్దలతో ఈ విషయం మాట్లాడారు. ఎవరినీ వేలెత్తి చూపకుండా, పొరుగువారి హక్కుల్లో వారు పీల్చే గాలి కూడా ఒకటి కాదా అని మాత్రమే అడిగారు. చెత్త బండి వచ్చే వేళను అందరికీ తెలియజేయడం, ఇంటి వద్దే తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం మొదలైంది. మంటలు పూర్తిగా ఆగలేదు. చలి ఎక్కువైన ఉదయాల్లో ఇంకా ఎవరో ఒకరు ఆకులు, ప్లాస్టిక్కు పోగు చేసి అంటిస్తూనే ఉన్నారు. మునుపటిలా రోజూ జరగడం లేదు.

ఎదురింటి ఆటో డ్రైవరు భార్య మొన్న తన చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డకు రాత్రిళ్ళు పిల్లికూతలు వస్తున్నాయట. "ఆపా, మీరు కొన్న మిషన్ ఎంత?" అని అడిగింది. బిడ్డను ముందు డాక్టరుకు చూపించమన్నాను. రాత్రి ఏం వెలిగిస్తావని అడిగితే కాయిల్ అంది. నేను ఏదో చెప్పబోతుండగా అమ్మీ లేచి లోపలికి వెళ్ళింది. పిల్లల గదిలో వాడకుండా మిగిలిన దోమతెరను మడతపెట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "మిషన్ సంగతి తర్వాత చూద్దాం బేటీ. ఈ రాత్రి నుండి ఇది కట్టు" అంది.